మినీ లేత్ మరమ్మతు, దాని హద్దులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బల్ల మీద పెట్టుకునే చిన్న లోహపు లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ టూలుతో కోసే యంత్రం) కొత్తగా కొన్నవారు, పాతది దొరికి బాగుచేసుకుంటున్నవారు తరచూ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నింటికి జవాబు రెండు వాక్యాల్లో తేలిపోతుంది, కొన్నింటికి ఓపికగా చదవవలసినంత వివరం అవసరమవుతుంది.

ఇక్కడ మినీ లేత్ అంటే ఏ యంత్రం?

షాంఘైకి చెందిన సీగ్ సంస్థ సీ2, సీ3 పేర్లతో తయారుచేసే నమూనా, దాన్ని పోలి వేర్వేరు రంగుల్లో, వేర్వేరు పేర్లతో అనేక దేశాల్లో అమ్ముడయ్యే యంత్రాలు. బెడ్ (మిగతా భాగాలన్నిటినీ మోసే పొడవాటి దిమ్మె) పైన సుమారు 180 మి.మీ. వ్యాసం గల వస్తువు తిరగగలదు, అయితే టూలును అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ పైకి వచ్చేసరికి అది 110 మి.మీ. దగ్గరికి తగ్గిపోతుంది. ముక్కను రెండు చివరలా పట్టే మొనల, అంటే సెంటర్ల మధ్య దూరం 250 నుంచి 350 మి.మీ. వరకు ఉంటుంది. ముక్కను తిప్పే ఇరుసు అయిన స్పిండిల్‌లో 20 మి.మీ. రంధ్రం, 3వ నంబరు మోర్స్ టేపరు (ప్రామాణిక కొలతల వాలు రంధ్రం) ఉంటాయి, ముక్క రెండో చివరకు ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్‌లో 2వ నంబరు టేపరు ఉంటుంది. బ్రష్షులున్న డీసీ మోటారు సాధారణంగా 350 వాట్లది. మొత్తం బరువు 40 కిలోల అటూ ఇటూ, అంటే ఇద్దరు మనుషులు సులువుగా ఎత్తి బల్ల మీద పెట్టగలిగినంత. కింద చెప్పబోయే చాలా విషయాలకు మూలం ఈ బరువే.

లోపానికి, హద్దుకు తేడా ఎలా తెలుస్తుంది?

నా దృష్టిలో అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. గిబ్ (స్లైడు పక్కన ఖాళీని సరిచేసే సన్నటి పట్టీ) వదులుగా ఉండి స్లైడు ఊగితే అది లోపం, ఒక పూటలో సరిచేసుకోవచ్చు. 40 కిలోల యంత్రం ఉక్కులో 3 మి.మీ. లోతు కోతకు వణికితే అది లోపం కాదు, ఆ యంత్రం చేయగలిగింది అంతే, అది హద్దు. హద్దును లోపమనుకొని పెద్ద మోటారు బిగించినవారినీ, లోపాన్ని హద్దనుకొని ఏళ్ల తరబడి గరుకు పనితో సరిపెట్టుకున్నవారినీ చూశాను. ఇద్దరూ నష్టపోయారు.

తేడా తేల్చుకోవడానికి అయస్కాంతపు స్టాండు మీద ఒక డయల్ గేజ్ (అతి చిన్న కదలికను ముల్లుతో చూపే పరికరం) ఉంటే చాలు. స్టాండును బెడ్ మీద నిలిపి, ముల్లును టూలును పట్టి ఉంచే టూల్ పోస్టుకు ఆనించి, టూల్ పోస్టును చేత్తో గట్టిగా నెట్టండి. చేయి తీయగానే ముల్లు మొదటి చోటికే తిరిగివస్తే అది లోహం తాళలేక వంగి మళ్లీ లేవడం, అంటే హద్దు. నెట్టినచోటే ఆగిపోతే రెండు భాగాల మధ్య ఖాళీ ఉన్నట్టు, అంటే లోపం. ఇదే పరీక్షను క్రాస్ స్లైడుకు, దాన్ని మోస్తూ బెడ్ మీద జారే శాడిల్‌కు, స్పిండిల్‌కు, టెయిల్‌స్టాక్‌కు విడివిడిగా చేసి, కొలతలు ఒక కాగితం మీద రాసుకొని, ఖాళీ ఎక్కువగా ఉన్నచోట మరమ్మతు మొదలుపెట్టండి.

కొత్త యంత్రాన్ని పెట్టెలోంచి తీయగానే నడపవచ్చా?

నడపవద్దు. తుప్పు పట్టకుండా పూసిన జిగురులాంటి గ్రీజును కిరోసిన్‌తో పూర్తిగా కడగాలి. ఆ గ్రీజు కందెన కాదు, పైగా అందులో ఇనుప రజను, పోతపోసినప్పటి ఇసుక ఇరుక్కుని ఉండవచ్చు. స్లైడులను విప్పి, అంచుల బిరుసును సన్నటి ఆకురాయితో తీసి, తుడిచి, నూనె వేసి, గిబ్ స్క్రూలను మళ్లీ సరిచూసుకోవాలి. ఈ తరగతి యంత్రాన్ని ముప్పావు వంతు తయారైన వస్తువుగా భావించి, మిగిలిన పావు వంతు మన చేతులతోనే పూర్తిచేయాలని ముందే అనుకుంటే నిరాశ ఉండదు.

మోటారు అసలు కదలడం లేదు. బోర్డు పోయినట్టేనా?

చాలాసార్లు కాదు. బోర్డు దాకా వెళ్లేముందు చూడవలసినవి వరుసగా ఉన్నాయి. అత్యవసర స్విచ్చు మూత పూర్తిగా తెరుచుకుందా, చక్ (ముక్కను దవడలతో పట్టి తిప్పే భాగం) మీది రక్షణ కవచానికి ఉన్న చిన్న స్విచ్చు నొక్కుకుంటోందా, వేగం మీట సున్నా నుంచి మొదలైందా అన్నవి మొదట చూడాలి. మీట సున్నా దగ్గర లేకపోతే మోటారును కదలనివ్వని బోర్డులు ఉన్నాయి. ఆ తరువాత ఫ్యూజు, ఆపైన మోటారుకు రెండు వైపులా ఉన్న మూతలు విప్పి కార్బన్ బ్రష్షులు. బ్రష్షు అరిగి పొట్టిదైనా, దాని స్ప్రింగు ఇరుక్కున్నా మోటారు ఒకసారి తిరిగి ఒకసారి మొరాయిస్తుంది. ఇవన్నీ బాగున్నాకనే బోర్డును అనుమానించాలి.

ఇక్కడ ఒక మాట చాలా గట్టిగా చెప్పాలి. 230 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే శిఖరం దగ్గర సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది. ఈ బోర్డుల్లో చాలావాటికి, ఇంటి కరెంటుకు మధ్య ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. అంటే వేగం మీటకు వెళ్లే సన్నటి తీగలు కూడా చూడటానికి అమాయకంగా ఉన్నా నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటాయి. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. కొన్ని నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచి, సున్నా అని కంటితో చూసిన తరువాతే చేయి పెట్టండి. మామూలు ఆసిలోస్కోపును దానికి తగిలించవద్దు, దాని ఎర్త్ తీగ షార్టు అవుతుంది. ఎలక్ట్రానిక్స్ పనిలో అనుభవం లేనివారు బోర్డును టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే నమ్మకమైన మెకానిక్‌కు ఇవ్వడమే మేలు. కాలిపోయేది ఎక్కువగా మోటారుకు విద్యుత్తును తెరిచి మూసే ట్రాన్సిస్టరు, దానితోపాటు దాన్ని నడిపే చిన్న భాగాలు. ఆ ఒక్కటి మార్చి మిగతావి చూడకుండా కరెంటు ఇస్తే కొత్తది కూడా క్షణంలో పోతుంది.

అమెరికాలో కొన్న యంత్రాన్ని ఇంటికి తెచ్చుకుంటే నడుస్తుందా?

నడుస్తుంది, కాని అక్కడి యంత్రం 110 వోల్టుల కోసం చేసింది కనుక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. 350 వాట్ల మోటారే కదా అని 500 వీఏ తీసుకోకుండా 1000 వీఏ తీసుకోండి, మొదలయ్యేటప్పుడు అది లాగే కరెంటు ఎక్కువ. 50, 60 హెర్ట్జ్‌ల తేడా డీసీ మోటారుకు పట్టదు. అసలు ఇబ్బంది కొలతలతో వస్తుంది. అక్కడి యంత్రానికి లీడ్ స్క్రూ (మర కోసేటప్పుడు టూలును నడిపే పొడవాటి మరరాడ్డు) అంగుళానికి 16 మరలది, మన దగ్గర బోల్టులన్నీ మిల్లీమీటర్లవి.

మోటారు తిరుగుతోంది, చక్ మాత్రం తిరగడం లేదు. ఎందుకు?

స్పిండిల్‌ను మోసే పెట్టె అయిన హెడ్‌స్టాక్‌లోని ప్లాస్టిక్ గేరు పళ్లు రాలిపోయి ఉంటాయి. హై, లో మీటను చక్ తిరుగుతుండగా మార్చడం, టూలు లోహంలో ఇరుక్కోవడం, గుండ్రంగా లేని ముక్కను పెద్ద లోతుతో కోయడం దీనికి కారణాలు. బెల్టు మాత్రమే జారి ఉండే అవకాశాన్ని ముందు చూసుకోండి.

లోహపు గేరు వేస్తే బాగుండదా అన్నది దీని వెనుకే వచ్చే ప్రశ్న. జవాబు ఏ గేరు అన్నదాన్ని బట్టి ఉంటుంది. హెడ్‌స్టాక్ లోపలి గేరు మార్చాలంటే స్పిండిల్‌నే బయటకు తీయాలి, అది ఒక రోజు పని. అందుకని అక్కడ లోహపు గేరు వేసుకోవడాన్ని తప్పుపట్టను. శబ్దం పెరుగుతుంది, అంతే. మర కోయడానికి పక్కన అమర్చే మార్పు గేర్లను మాత్రం ప్లాస్టిక్‌లోనే ఉంచమంటాను. క్యారేజీ (శాడిల్, దాని మీది స్లైడులు కలిసిన భాగం) వెళ్లి చక్‌ను ఢీకొన్న రోజున ఏదో ఒకటి విరగాలి. విరిగేది తక్కువ ధరకు దొరికే గేరు అయితే ఐదు నిమిషాల్లో మార్చుకుంటాం. అది విరగకపోతే ఆ దెబ్బ క్యారేజీని లీడ్ స్క్రూకు తగిలించే హాఫ్ నట్టుకో, లీడ్ స్క్రూకో తగులుతుంది. నా దగ్గర రెండు సెట్ల ప్లాస్టిక్ గేర్లు ఎప్పుడూ సొరుగులో ఉంటాయి.

స్పిండిల్ బేరింగులు పోయాయని ఎలా తెలుసుకోవాలి? ఏవి వేయాలి?

ముందుగా చక్‌ను నిందించాలో, స్పిండిల్‌ను నిందించాలో తేల్చుకోండి. చక్ విప్పి, డయల్ గేజ్ ముల్లును స్పిండిల్ లోపలి టేపరుకు ఆనించి చేత్తో తిప్పండి. అక్కడ ముల్లు దాదాపు కదలకుండా ఉండి, మూడు దవడల చక్‌లో పట్టిన రాడ్డు మీద 0.05 నుంచి 0.1 మి.మీ. వరకు ఊగితే స్పిండిల్ బాగున్నట్టే. మూడు దవడల చక్ స్వభావం అది. అదే బిగింపులో, ముక్కను విప్పకుండా కోసిన ముఖాలన్నీ ఒకదానికొకటి కేంద్రం తప్పకుండా వస్తాయి కనుక, పనిని ఒకే బిగింపులో ముగించేలా ఆలోచించుకోవడం అలవాటు చేసుకుంటే ఈ ఊపు బాధించదు. తిప్పి పట్టుకోవలసి వస్తే నాలుగు దవడల చక్ వాడాలి.

టేపరులోనే ముల్లు ఊగినా, చక్ కింద ఒక కర్ర పెట్టి మెల్లగా ఎత్తినప్పుడు వదులు కనిపించినా, నడుస్తున్నప్పుడు గరగర వినిపించినా బేరింగుల సంగతి చూడాలి. మొదట వెనుక ఉన్న రెండు నట్లను సరిగా బిగించి చూడండి. కొన్నిసార్లు అంతటితోనే వదులు పోతుంది.

ఇందులో వచ్చేవి 6206 నంబరు బాల్ బేరింగులు. లోపలి వ్యాసం 30, బయటి వ్యాసం 62, వెడల్పు 16 మి.మీ. నాణ్యమైన తయారీవి వేస్తే ఇవే చాలా ఏళ్లు వస్తాయి. చాలామంది 30206 టేపర్ రోలర్ బేరింగులకు మారుతారు. స్పిండిల్ బిగువు తప్పకుండా పెరుగుతుంది, అయితే వాటి వెడల్పు 17.25 మి.మీ. ఒక్కొక్క దగ్గర 1.25 మి.మీ. తేడా వస్తుంది కనుక పక్కనున్న స్పేసరును ఆ మేరకు తగ్గించుకోవాలి, మూతల కింద జాగా చూసుకోవాలి. వాటికి సీలు ఉండదు, లోహపు తురుము లోపలికి పోకుండా అడ్డు ఏర్పాటు చేసుకోవాలి. 7206 యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులు అయితే వెడల్పు 16 మి.మీ. కనుక నేరుగా ఇముడుతాయి. ఒక్కొక్కటి ఒకే దిశలో తోపును మోస్తుంది కాబట్టి తిరగేసి పెడితే బిగింపు నిలవదు.

పాతవి తీసేటప్పుడు స్పిండిల్‌ను సుత్తితో కొట్టవద్దు. పొడవాటి మరరాడ్డు, రెండు మందపాటి పలకలు, నట్లతో ఒక లాగుడు సాధనం చేసుకొని చక్ వైపుకు మెల్లగా లాగండి. లోపలి క్లిప్పులు వదిలించడం మరచిపోయి బలం పెడితే గేరు మధ్య రంధ్రం చీలిపోతుంది. కొత్తవి బిగించాక మధ్యస్థ వేగంతో అరగంట నడపండి. హెడ్‌స్టాక్ గోరువెచ్చగా ఉండాలి, చేయి పెట్టి ఉంచలేనంత వేడెక్కితే నట్టు ఎక్కువ బిగిసినట్టు. నట్టును ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా బిగిస్తూ ప్రతిసారీ ఇలా నడిపి చూడటం వల్ల ఒక సాయంత్రం గడిచిపోతుంది, కాని ఆ తరువాత చాలాకాలం దాని జోలికి వెళ్లనవసరం ఉండదు.

కోస్తున్నప్పుడు కీచుమంటూ వణుకుతోంది. ఏం చేయాలి?

టూలు మొనకు, తిరిగే ముక్కకు మధ్య బెడ్ చుట్టూ తిరిగి వచ్చే ఒక గొలుసు ఉందనుకోండి: టూలు, టూల్ పోస్టు, కాంపౌండ్ స్లైడు (కోణానికి తిప్పగల పై స్లైడు), క్రాస్ స్లైడు, శాడిల్, బెడ్, హెడ్‌స్టాక్, బేరింగు, స్పిండిల్, చక్. అందులో అన్నిటికంటే మెత్తని లింకు ఎక్కడుందో అక్కడ వణుకు పుడుతుంది. ఖర్చులేని వాటినుంచి మొదలుపెట్టండి. టూలు దాని పోస్టులోంచి బయటకు ఎంత తక్కువ వస్తే అంత మంచిది. మొన సరిగ్గా సెంటరు ఎత్తులో ఉండాలి. ముక్క చక్ బయటకు దాని వ్యాసానికి మూడు రెట్ల కంటే ఎక్కువ వస్తే టెయిల్‌స్టాక్ ఆసరా ఇవ్వాలి. గిబ్‌లను స్లైడు కాస్త బరువుగా, కాని పట్టుకోకుండా కదిలేంత బిగించాలి. శాడిల్ కింద బెడ్‌ను పట్టుకునే రెండు పట్టీలను చాలామంది మరచిపోతారు. అవి వదులుగా ఉంటే కోత బలానికి శాడిల్ లేస్తుంది. సరైన మందం గల షిమ్ములు (పలుచని రేకులు) పెట్టి వాటిని సరిచేయడం ఈ యంత్రానికి చేయగల అన్ని సేవల్లో ఎక్కువ ఫలితమిచ్చేది.

ఆ తరువాతి మెత్తని చోటు కాంపౌండ్ స్లైడు. టేపరు కోయనప్పుడు దానితో పని తక్కువ. దాన్ని తీసేసి, అదే ఎత్తుకు ఒక దిట్టమైన ఇనుప దిమ్మె పెట్టి టూల్ పోస్టును దానికి బిగిస్తే యంత్రమే మారిపోయినట్టు అనిపిస్తుంది.

పార్టింగ్ (ముక్కను తెంచి వేరుచేయడం) చేస్తుంటే బ్లేడు ఎప్పుడూ ఇరుక్కుంటోంది. అందరికీ ఇంతేనా?

దాదాపు అందరికీ ఇంతే, ఎందుకంటే యంత్రంలోని ప్రతి వదులూ ఈ పనిలో బయటపడుతుంది. 2 మి.మీ. మించని బ్లేడు వాడండి, చక్‌కు వీలైనంత దగ్గరగా కోయండి, క్యారేజీని బెడ్‌కు బిగించేయండి, వేగం తగ్గించండి, ఉక్కుకు నూనె ధారాళంగా వేయండి. భయపడి ఆగి ఆగి నెట్టితే బ్లేడు లోహాన్ని కోయకుండా రుద్దుతుంది, అక్కడే వణుకు మొదలవుతుంది. నిదానంగా, ఆగకుండా లోపలికి పంపాలి. క్రాస్ స్లైడు వెనుక భాగాన తలకిందులుగా అమర్చిన బ్లేడు మరింత సాఫీగా, నమ్మకంగా కోస్తుంది. 25 మి.మీ. కంటే లావు ఉక్కు రాడ్డును మాత్రం నేను ఈ యంత్రం మీద పార్టింగ్ చేయను. హాక్సాతో కోసి, చివరను లేత్ మీద చదునుచేసుకుంటాను (ఫేసింగ్).

కోసిన రాడ్డు ఒక చివర లావుగా, మరో చివర సన్నగా వస్తోంది. హెడ్‌స్టాక్ వంకరా?

కావచ్చు, కాకపోవచ్చు. టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా పరీక్షించాలి. 25 మి.మీ. రాడ్డును చక్‌లో పట్టి, సుమారు 100 మి.మీ. దూరంలో రెండు వెడల్పు పట్టీలు మాత్రం మిగిలేలా మధ్యభాగాన్ని కాస్త తగ్గించి, ఆ రెండు పట్టీల మీద క్రాస్ స్లైడును కదల్చకుండా చాలా సన్నటి కోత తీసి, మైక్రోమీటరుతో కొలవండి. రెండిటి వ్యాసాల తేడా 0.04 మి.మీ. ఉంటే, ఆ దూరానికి స్పిండిల్ అక్షం 0.02 మి.మీ. పక్కకు చూస్తున్నట్టు. బయటి చివర లావుగా ఉంటే లోహం వంగి తప్పించుకోవడం కూడా కారణం కావచ్చు కాబట్టి కోత లోతు తగ్గించి మరోసారి చూడండి. యంత్రం కాళ్లు ఎగుడుదిగుడు బల్ల మీద బిగిసి ఉంటే బెడ్ మెలిపడుతుంది, ముందు దాన్ని సరిచేయాలి. ఆ తరువాతే హెడ్‌స్టాక్ బోల్టులు వదులుచేసి, షిమ్ము పెట్టే ఆలోచన. టెయిల్‌స్టాక్ వాడినప్పుడు మాత్రమే టేపరు వస్తోందంటే సరిచేయవలసింది టెయిల్‌స్టాక్‌నే.

ఎంత వేగంతో, ఎంత లోతు కోయవచ్చు?

మెత్తని ఉక్కును హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) టూలుతో నిమిషానికి 25 మీటర్ల కోత వేగం చొప్పున కోయాలనుకుంటే, 20 మి.మీ. రాడ్డుకు 400 చుట్లు, 6 మి.మీ. రాడ్డుకు 1300 చుట్లు అవసరమవుతాయి. అల్యూమినియం, ఇత్తడి ఇంతకు రెండు మూడు రెట్ల వేగాన్ని హాయిగా భరిస్తాయి. లోతు విషయంలో ఉక్కుకు ఒక్కో పక్కకు 0.25 నుంచి 0.5 మి.మీ., అల్యూమినియానికి 1 మి.మీ. వరకు నా లెక్క.

పెద్ద వ్యాసాల దగ్గర అసలు హద్దు కనిపిస్తుంది. 75 మి.మీ. పోత ఇనుప చక్రాన్ని నిమిషానికి 15 మీటర్ల చొప్పున కోయాలంటే 64 చుట్లే కావాలి. అంత నెమ్మదిగా తిరిగేటప్పుడు ఈ మోటారుకు బలం ఉండదు. డీసీ మోటారు తిప్పుబలం పెరగదు కాబట్టి వేగం నాలుగో వంతుకు తగ్గితే చేయగల పని కూడా నాలుగో వంతుకు తగ్గుతుంది, లోపలి ఫ్యాను నెమ్మదించి వేడి కూడా పెరుగుతుంది. అందుకే ఎప్పుడు వీలైతే అప్పుడు లో గేరు వాడి మోటారును చురుకుగా తిరగనివ్వండి. పోత ఇనుము పైపొర గట్టిగా, ఇసుకతో ఉంటుంది. మొదటి కోత ఆ పొర కిందకు దిగేలా ఉండాలి, లేకపోతే టూలు మొన నిమిషంలో మొద్దుబారుతుంది.

టూలు గురించి కూడా ఒక మాట. పదునుగా సాన పట్టిన హెచ్ఎస్ఎస్ బిట్టు ఈ యంత్రానికి అన్నిటికంటే తగినది. కార్బైడ్ వాడాలనిపిస్తే అల్యూమినియం కోసం పదునైన అంచుతో చేసే సీసీజీటీ రకం ఇన్సర్టులు (టూలుకు బిగించి మార్చుకునే చిన్న మొనలు) తీసుకోండి. అవి ఉక్కు మీద కూడా తక్కువ బలంతో కోస్తాయి.

ఏ లోహంతో నేర్చుకోవాలి? ఇల్లు కట్టగా మిగిలిన కడ్డీలు పనికొస్తాయా?

పనికిరావు. ఇళ్లకు వాడే టీఎంటీ కడ్డీ పైపొరను తయారీలోనే నీటితో చల్లబరచి గట్టిపరుస్తారు, లోపల మెత్తగా ఉంటుంది, పైన గాట్లు ఉంటాయి. ఆ మూడూ కలిసి టూలునూ, నేర్చుకునేవారి ధైర్యాన్నీ దెబ్బతీస్తాయి. ఇత్తడి రాడ్డుతో మొదలుపెట్టి, ఆపై అల్యూమినియం, ఆ తరువాత ఈఎన్1ఏ అనే తేలికగా తెగే ఉక్కు. ఇంకా గట్టి ఉక్కు అయిన ఈఎన్8 కొంత చేయి తిరిగాక. హైదరాబాద్ బాలానగర్ వంటి పారిశ్రామికవాడల్లో ముక్కలు కోసి తూకానికి ఇచ్చే దుకాణాల్లో గ్రేడు అడిగి తీసుకోండి.

డయల్ ఒక కొలత చూపిస్తోంది, ముక్క మరో కొలత వస్తోంది. బాగుచేయగలమా?

హ్యాండిల్ వెనక్కి తిప్పినప్పుడు కొంతమేర స్లైడు కదలకపోవడం సహజం. కోతకు ఎప్పుడూ ఒకే దిశ నుంచి చేరుకుంటే అది కొలతలోకి రాదు. అంగుళాల గుర్తులున్న కొన్ని యంత్రాల్లో మాత్రం అసలు స్క్రూ పిచ్ 1 మి.మీ. ఉండి, డయల్ మీద అంగుళంలో వెయ్యో వంతు చొప్పున 40 గీతలు ఉంటాయి. 1 మి.మీ. అంటే 39.37 వెయ్యో వంతులే. అలాంటి దానిమీద డయల్‌ను నమ్మకుండా, చివరి రెండు కోతలకు ముందు మైక్రోమీటరుతో కొలవడమే దారి.

మర కోసేటప్పుడు హాఫ్ నట్టు తెరవవచ్చా?

లీడ్ స్క్రూ పిచ్ 1.5 మి.మీ. అయితే 1.5, 0.75, 0.5 మి.మీ. మరలకు ఎక్కడ మూసినా టూలు పాత గాడిలోనే పడుతుంది. 1 మి.మీ. మరకు గేర్ల నిష్పత్తి 40కి 60, హాఫ్ నట్టును 3 మి.మీ. గుణిజాల దగ్గరే మూయాలి. 1.25 మరకు 50కి 60, అక్కడ 7.5 మి.మీ. గుణిజాలు. లెక్క మీద నమ్మకం లేకపోతే తెరవనే వద్దు, టూలును వెనక్కి లాగి మోటారును రివర్సులో నడిపి మొదటికి తెచ్చుకోండి. పైపుల మీది అంగుళాల మరలు ఖచ్చితంగా రావాలంటే 127 పళ్ల గేరు కావాలి, ఎందుకంటే 5 అంగుళాలు సరిగ్గా 127 మి.మీ. ఆ గేరు ఈ యంత్రంలో ఇమిడే చోటు తక్కువ కనుక దగ్గరి నిష్పత్తులతో సరిపెట్టుకుంటారు, పొట్టి మరలకు అది చాలు.

వర్షాకాలంలో తుప్పు పడుతోంది.

పని ముగిశాక తురుము ఊడ్చి, స్లైడుల నూనెతో తుడవండి. సముద్రతీరపు ఊళ్లలో ఒక రాత్రి వదిలేసినా బెడ్ మీద ఎర్ర మచ్చలు వస్తాయి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది, నూనె తగిలిన నూలు గుడ్డ మేలు. వంటనూనె, కొబ్బరినూనె వాడవద్దు, అవి జిగురుగా గడ్డకడతాయి.

చిన్న యంత్రమే కదా, జాగ్రత్తలు అంతగా అవసరమా?

350 వాట్లు వేలును విరవడానికి చాలా ఎక్కువ. చక్ తాళాన్ని చక్‌లో ఎప్పుడూ వదలకండి. చేతి తొడుగులు వేసుకోవద్దు. చున్నీ, పైట, పొడుగు చేతుల చొక్కా, మణికట్టుకు కట్టిన తోరాలు, రక్షాదారాలు, మెడలో గొలుసు తిరిగే చక్‌కు అందకూడదు. తోరం తీయడం ఇష్టం లేనివారు దాన్ని మోచేతి పైకి జరిపి గట్టిగా చుట్టుకోండి. ఎమరీ కాగితాన్ని వేలికి చుట్టి తిరిగే ముక్కకు పట్టవద్దు. కళ్లద్దాలు తప్పనిసరి, ఇత్తడి తురుము సూదుల్లా నేరుగా ముఖం మీదికి వస్తుంది.

ఏ పనిని పెద్ద లేత్ దగ్గరికి తీసుకెళ్లాలి?

బోరు పంపు షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు, 20 మి.మీ. మించి లావై స్పిండిల్ రంధ్రంలో దూరని పొడుగు రాడ్లు, వెల్డింగ్ చేసి మళ్లీ సైజుకు తేవలసిన ఉక్కు. ఊళ్లో టర్నరు అరగంటలో చేసి ఇచ్చే పనికి ఈ యంత్రం మీద రెండు రోజులు పడుతుంది, అప్పటికీ బిగువు కొలత రాకపోవచ్చు. వెళ్లినప్పుడు కాసేపు నిలబడి, ఆయన టూలు ఎలా సాన పడుతున్నారో అడిగి చూడండి. నాకు వణుకు లేకుండా కోసే బిట్టు కోణం తెలిసింది అలాంటి ఒక షెడ్డులోనే.